తాళం ఇచ్చే కిటికీ

3వ తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి కొత్త రూలు. బస్సు తాళం తీసుకోవడానికి వచ్చిన ప్రతి డ్రైవరునూ నేను మూడు ప్రశ్నలు అడగాలి. ముందు డ్యూటీ దిగాక తొమ్మిది గంటలు విశ్రాంతి దొరికిందా? ఆ విశ్రాంతిలో ఇంకేదైనా బండి నడిపారా? నిద్రపోయారా? జవాబులు సరిగ్గా ఉంటేనే కొక్కెం మీంచి తాళం తియ్యాలి. లేకపోతే ఎందుకో కనుక్కుని మేనేజరుకి చెప్పి, రిజర్వులో ఉన్న డ్రైవరుని పిలవాలి. ఈ కిటికీలో కూర్చుని నాలుగేళ్లవుతోంది. ఇన్నాళ్లూ నా పని తాళం ఇవ్వడం, తాళం పుచ్చుకోవడం, మధ్యలో టీ తాగడం. ఇప్పుడు ఏకంగా జడ్జీని చేసి కూర్చోబెట్టారు.

షెడ్డులో పొద్దున్నంతా ఒకటే నవ్వులు. ఒకాయన "కలలు కూడా చెప్పాలా మేడమ్?" అన్నాడు. ఇంకొకాయన "మా ఆవిడ కూడా ఇంత ప్రేమగా ఎప్పుడూ అడగలేదమ్మా" అన్నాడు. తర్వాత కునుకు బాబాయ్ వచ్చాడు. డిపోలో అందరికన్నా పాతవాడు. నిలబడి కూడా కునుకు తియ్యగలడని ఆ పేరు పెట్టారు. "అమ్మాయ్, నన్ను నిద్రపోయావా అని కాదు, లేచావా అని అడుగు" అన్నాడు.

ఆయన వెనకే మా ఆయన. ఈయనదీ ఈ డిపోయే, దూరపు సర్వీసు. నేనెవరో తెలియనట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. నేనూ తక్కువ తినలేదు, అందరినీ అడిగినట్టే అడిగాను.

"నిద్రపోయారా?"

"పోయానండీ."

"సాక్షి కిటికీలోనే ఉందిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నాకూ నవ్వు ఆగలేదు.

అందరూ "పోయాను" అనే చెప్పారు. లేదన్నవాడు ఒక్కడు లేడు. ఇంతమంది మగాళ్లు ఇంత హాయిగా నిద్రపోతుంటే మరి ఇళ్లల్లో ఆడవాళ్ల కళ్ల కింద ఆ నలుపేమిటో.

6వ తేదీ, గురువారం

పోయాను. పోయాను. పోయాను. ఒకాయన ఆవలిస్తూ చెప్పాడు. ఆవలింత పూర్తయ్యేదాకా ఆగి తాళం ఇచ్చాను.

మేనేజరు పిలిచి, "జవాబుదేముందమ్మా, ఎవడైనా చెప్తాడు. కళ్లు చూడు" అన్నారు. ఇంతమంది మగాళ్ల కళ్లలోకి చూడమని ఉద్యోగం ఇచ్చినవాళ్లే చెబుతున్నారు. అత్తయ్యకి చెబితే పడీపడీ నవ్వింది.

9వ తేదీ, ఆదివారం

ఈయన స్నేహితుడు ఇల్లు మారుతున్నాడట. వ్యాను నడపడానికి మనిషి లేడని పొద్దున్నే ఈయన్ని తీసుకుపోయాడు. రేపు ఈయనకి దూరపు డ్యూటీ. "విశ్రాంతి కదండీ ఇవాళ?" అన్నాను. "వ్యాను నడపడం నాకు విశ్రాంతే. బస్సుతో పోలిస్తే అదో బొమ్మ" అన్నాడు. చీకటి పడ్డాక వచ్చాడు. బీరువాలు మొయ్యడానికి కూడా సాయం చేశాడట, కంచం ముందు కూర్చునే తూగాడు.

రేపు అడుగుతాను కదా. ఆయనే చెబుతాడు.

10వ తేదీ, సోమవారం

చెప్పలేదు.

"వేరే బండి నడిపారా?" అన్నాను. "లేదండీ" అన్నాడు, రెప్ప కూడా వెయ్యకుండా. నాకు ఒళ్లు మండింది. అబద్ధానికి కాదు, నేను నోరు మూసుకుంటానని అంత ధీమాగా ఉన్నందుకు. నేను తాళం తియ్యలేదు. మళ్లీ అడిగాను.

అప్పుడు కిటికీ మీదకి వంగి గొంతు తగ్గించి, "ఇంటి విషయాలు ఇక్కడెందుకే?" అన్నాడు.

"ఇంటి విషయం కాదండీ, వ్యాను విషయం" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వరస మొత్తం వింది.

రిజర్వు డ్రైవరు వచ్చి తాళం తీసుకుని వెళ్లాడు. ఈయన గేటు దాటి పోయాడు. కాసేపటికి ఎవరో "వదిన గట్టిదే" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో తెలియలేదు.

నేను చేసింది రూలు ప్రకారమే.

11వ తేదీ, మంగళవారం

మాట్లాడలేదు. ముందుగదిలో బల్ల మీద పడుకున్నాడు. ఆ బల్ల మీద ఈయన కాళ్లు మోకాళ్ల దాకానే పడతాయి, మిగతాది గాల్లోనే.

12వ తేదీ, బుధవారం

భోజనాల దగ్గర, "అమ్మా, ఆవిడగారిని ఉప్పు ఇటు పంపమను" అన్నాడు.

అత్తయ్య నన్ను చూసింది, కొడుకుని చూసింది. "ఉప్పు నీ చేతి కిందే ఉంది. కళ్లు కూడా అలిగాయా?" అంది.

పొద్దున కిటికీలో నన్ను "మేడమ్" అన్నాడు. అందరూ అనే మాటే. అయినా ఈయన నోట వింటే చెంప మీద కొట్టినట్టుంది.

14వ తేదీ, శుక్రవారం

మాట్లాడలేదు. నాకేం బాధ లేదు. నేను చేసింది రూలు ప్రకారమే.

15వ తేదీ, శనివారం

నాకేం బాధ లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

16వ తేదీ, ఆదివారం

ప్రశాంతంగా ఉంది. గ్లాసు పగిలింది. చెయ్యి జారి.

రెండో గ్లాసు కూడా.

18వ తేదీ, మంగళవారం

తాళం ఇచ్చాను.

ఇది కిటికీలో కూర్చునే రాస్తున్నాను, ఇంటికెళ్లేదాకా ఆగలేను. రాత్రి పోట్లాడుకున్నాం. మొదలుపెట్టింది నేనే. వారం రోజులు నోరు కట్టుకున్నాను, ఇంక నావల్ల కాలేదు. ముందుగదిలోకి వెళ్లి, "ఇంకెన్నాళ్లండీ ఈ అలక?" అన్నాను. అంతే. అందరి ముందూ నన్ను దొంగని చేశావన్నాడు. దొంగని చేసింది నేనా, మీ వ్యానా అన్నాను. "నువ్వు పెళ్లానివా, ఇన్‌స్పెక్టరువా?" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎనిమిదేళ్ల కాపురంలో ఎక్కడెక్కడివో తవ్వి పోసుకున్నాం. మా అన్నయ్య ఎప్పుడో అన్న మాట ఆయన తీశాడు, ఆడపడుచు నా చీర గురించి అన్నది నేను తీశాను. చీర పేరెత్తినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

మధ్యలో అత్తయ్య పక్కగదిలోంచి, "ఒరేయ్, పొద్దున్నే బండెక్కాలిరా నువ్వు! అమ్మాయ్, నువ్వైనా ఆపు!" అని కేకేసింది. ఇద్దరిలో ఎవరం ఆపలేదు. పాలవాడు గంట కొడితే అప్పుడు తెలిసింది తెల్లారిందని.

తల మీద చల్లనీళ్లు పోసుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్రపోయారా?"

"పోయాను" అన్నాడు. సూటిగా నన్నే చూస్తూ అన్నాడు. వరసలో అందరూ మెడలు చాచారు, ఈసారి ఏం చేస్తానోనని. ఎందుకు పోలేదని అడిగితే ఆయన ఏం చెప్పాలి? అంతమంది ముందు నీతోనే పోట్లాడానని చెప్పాలా? ఇంకోసారి కాదంటే ఈయన ఇంక ఇంటికి రాడేమో అనిపించింది. నా చెయ్యి దానంతటదే కొక్కెం దగ్గరికి వెళ్లింది. ఇచ్చాను.

ఏం కాదు. ఆయన గట్టివాడు. నిద్ర లేకుండా నడపడం కొత్తేమీ కాదు. చల్లనీళ్లు కూడా పోసుకున్నాడు.

సరిగ్గా ఈ మాటలే వీళ్లందరూ నాకు చెబుతారు. నేను నవ్వుతాను.

బస్సు నిండా జనం. ముందు కిటికీ సీటులో ఒకావిడ పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు గేటు దాటుతుంటే పాప చేత నాకు టాటా చెప్పించింది. నేనూ చెయ్యి ఊపాను.

అదే రోజు, మళ్లీ

ఫోను తీశాను, పెట్టేశాను. నడుపుతున్నవాడికి ఫోను చెయ్యకూడదు. మోగితే అటు చూస్తాడు. చూస్తే ఇంకేమైనా అవుతుంది. మోగకపోతే నిద్రపోతాడేమో. ఏది మంచిదో తెలియట్లేదు.

కునుకు బాబాయ్ వచ్చి, "ఏమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు. తలనొప్పన్నాను. నాకూ వచ్చేసింది ఈ విద్య.

అదే రోజు

ఆఫీసుకి ఫోనొచ్చింది. ప్రయాణికులు. మేనేజరు అరుపులు నా కిటికీ దాకా వినిపించాయి. "బస్సు రోడ్డు పక్కన ఆపేసి డ్రైవరు నిద్రపోవడమేమిటి!"

నిద్రపోతున్నాడు. అంటే ఉన్నాడు. అందరూ ఉన్నారు. కాసేపు తాళాల బోర్డు పట్టుకుని నిలబడ్డాను. ఏడ్చాను కూడా. ఎవరైనా చూస్తే చూశారు.

19వ తేదీ, బుధవారం

ఈ పూట తిరిగి వచ్చాడు. నేరుగా మేనేజరు గదికి. కాసేపటికి నన్నూ పిలిచారు.

ఈయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. "ఇంజను వేడెక్కిందండీ. చల్లారేదాకా ఆపాను" అంటున్నాడు.

"ఇంజను వేడెక్కితే తువ్వాలు నీ మొహం మీద ఎందుకయ్యా?" అన్నారు మేనేజరు. "గురక కూడా ఇంజనుదేనా? ప్రయాణికులు అంతా చెప్పారు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వడిగినప్పుడు నిద్రపోయానన్నాడా, లేదా?"

"అన్నారండీ."

"అదీ సంగతి! నీకు అబద్ధం చెప్పి తాళం తీసుకున్నాడు. నీ తప్పేం లేదు, నువ్వెళ్లు. ఇతని సంగతి పైకి రాస్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వాళ్లే చెప్తారు."

వెళ్లమన్నారు. తలుపు తెరిచే ఉంది. ఈయన నా వైపు చూడట్లేదు, వెళ్లిపో అన్నట్టు గడ్డంతో తలుపు చూపించాడు. అది చూశాక ఇంక కాలు కదల్లేదు.

"ఆయన నిద్రపోలేదని నాకు తెలుసండీ. తెలిసే ఇచ్చాను తాళం" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"రాత్రంతా పోట్లాడింది నాతోనే కదండీ."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"బస్సు నిండా జనం ఉన్నారమ్మా" అన్నారు మెల్లిగా.

ఆ పాప టాటా గుర్తొచ్చింది.

చివరికి, ఆపి పడుకున్నాడు కాబట్టి బతికిపోయారన్నారు. ఈయనకి వారం డ్యూటీ లేదు. నన్ను కిటికీలోనే ఉంచారు, ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంకెవరూ రారు కాబట్టి. "ఇంకోసారి తెలిసీ తాళం ఇచ్చావంటే ఇద్దరూ ఇంటికే. అర్థమైందా?" అన్నారు. అయిందన్నాను.

ఇంటికి నడిచే వచ్చాం. మొదట ఆయన ముందు, నేను వెనక. మూల మలుపు తిరిగాక ఆగాడు.

"కళ్లు మూతపడ్డాయే" అన్నాడు. వారం తర్వాత నాతో అన్న మామూలు మాట ఇదే. "ఎంతసేపో తెలీదు. తెరిచేసరికి ముందు లారీ ఇంత దగ్గర." రెండు చేతులతో చూపించాడు. మా వంటింటి తలుపంత కూడా లేదు ఆ దూరం. "బ్రేకు ఎప్పుడు తొక్కానో, ఎలా తొక్కానో... ఎవరికీ తెలీలేదు. అందరూ ఒక్కసారి ముందుకి ఊగారు, అంతే. ఒక పాప అయితే నవ్వింది, ఆటనుకుంది."

ఆ పాపే.

"పక్కకి తీసి ఆపాను. లేచి నిలబడి చెప్పాను, నాకు నిద్రొస్తోంది, నడపలేను అని. తిట్టారు. తిడుతుంటేనే నిద్రపట్టేసింది."

"అబద్ధమెందుకు చెప్పారు నాకు?" అన్నాను.

"నువ్వు తాళం ఇవ్వవనుకున్నానే" అన్నాడు. "ఇవ్వనంటావు, కాస్త కోపం చూపించి ఇంటికెళ్లి పడుకుందామనుకున్నా. నువ్వున్నావు కదా అన్న ధైర్యంతోనే పోయానన్నాను. నువ్వేమో ఇచ్చేశావు."

నడిరోడ్డు మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఈయన సంచీలోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు, ఆ తువ్వాలే. దుమ్ము వాసన. అయినా దాంతోనే తుడుచుకున్నాను.

20వ తేదీ, గురువారం

అత్తయ్య తీర్పు చెప్పింది. ఇకనుంచి ఈ ఇంట్లో పోట్లాటలన్నీ ఆదివారం పొద్దున పది తర్వాతే. మిగతా రోజుల్లో ఎవరికి ఎంత కోపమొచ్చినా దాచుకోవాలి. "మీ ఇద్దరి మూలాన నాక్కూడా నిద్ర లేదు. నేనేం బస్సు నడపను కాబట్టి నన్నెవరూ అడగరు" అంది.

ఈయన "సరేనమ్మా" అన్నాడు. ముందుగదిలోనే పడుకున్నాడు. అలక పోయింది, బిడియం మిగిలింది. ఎనిమిదేళ్ల తర్వాత బిడియమేమిటో.

23వ తేదీ, ఆదివారం

పది దాటింది. "కానివ్వండి" అంది అత్తయ్య, కుర్చీ లాక్కుని కూర్చుని.

"నువ్వు చెప్పు" అన్నాడు. "మీరే చెప్పండి" అన్నాను. ఏదో ఉండేది, గుర్తు రావట్లేదన్నాడు. నాకు చీర సంగతి గుర్తుంది, చెప్పలేదు.

25వ తేదీ, మంగళవారం

ఎల్లుండి ఈయన డ్యూటీ ఎక్కుతాడు. కిటికీలో అందరూ పోయాను, పోయాను అనే చెబుతున్నారు. ఇదివరకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఒక్కొక్కరి కళ్లూ పట్టి పట్టి చూస్తున్నాను. ఒకాయన ఇబ్బందిపడి "ఏమైంది మేడమ్, మొహం మీద ఏమైనా ఉందా?" అని తుడుచుకున్నాడు.

అబద్ధమాడితే నాకెలా తెలుస్తుంది? ఒక్క మనిషి విషయంలోనే తెలిసేది, అక్కడే తప్పు చేశాను.

27వ తేదీ, గురువారం

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నిన్న సాయంత్రం అత్తయ్య తన పక్కబట్టలు తీసుకొచ్చి ముందుగదిలో బల్ల మీద పరిచేసింది. "నా నడుముకి ఈ చెక్కబల్లే నయంగా ఉంది. నువ్వు లోపలికి పోరా" అంది. ఈయన తలగడ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, కొత్త పెళ్లికొడుకులా. లోపలికి రండి అన్నాను.

పోట్లాడలేదు. పోట్లాట ఆదివారం కదా. మాట్లాడుకున్నాం. వారం పది రోజుల మాటలు మిగిలిపోయి ఉన్నాయి. ఆ లారీ సంగతి మళ్లీ చెప్పాడు, ఈసారి దూరం చూపించబోతే ఆ చేతులు పట్టుకున్నాను. ఆ తర్వాత... సరే. పాలవాడు గంట కొట్టాడు.

ఇద్దరం ఉలిక్కిపడి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "అయ్యో, డ్యూటీ!" అన్నాను. ఈయన స్నానానికి వెళ్లాడు.

నేను ముందే వచ్చి కిటికీలో కూర్చున్నాను. నిర్ణయించేసుకున్నాను. పోయానంటే తాళం ఇవ్వను. మళ్లీ మేడమ్ అన్నా సరే, మళ్లీ ఆ బల్లెక్కినా సరే, ఇవ్వను. కానీ ఈ వారం రోజుల మంచితనమంతా ఆ ఒక్క జవాబు మీద ఉంది.

వరస కదిలింది. వచ్చాడు. తొమ్మిది గంటలు విశ్రాంతి దొరికిందా అంటే దొరికిందన్నాడు. వేరే బండి నడిపారా అంటే లేదన్నాడు.

"నిద్రపోయారా?"

"లేదు" అన్నాడు.

ఈ కిటికీలో ఆ మాట వినడం ఇదే మొదలు. అంత గట్టిగా ఎందుకన్నాడో, వెనక చివర టైర్లకి గాలి కొట్టేవాడు కూడా తల ఎత్తాడు.

"మళ్లీ పోట్లాటా వదినా?" అన్నారెవరో.

"కాదు" అన్నాడు ఈయన. చెవులు ఎర్రగా అయిపోయాయి. నేను గబుక్కున తాళాల వైపు తిరిగి, లెక్కపెడుతున్నట్టు నటించాను. ఒక క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆ ఈలలు, ఆ కేకలు! భూమిలోకి దిగిపోదామనిపించింది.

కునుకు బాబాయ్ మాత్రం నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మాయ్, నాకూ నిద్ర లేదు. ఇవాళే కాదు. మోకాలు నెప్పి, రాత్రిళ్లు పట్టదు. పగలు కునికిపాట్లు పడుతుంటే మీరంతా ముద్దుపేరు పెట్టారు. అందరూ పోయామంటుంటే నేనొక్కణ్ణే ఎలా చెప్పను?" అన్నాడు. ఆయన తాళం కూడా కొక్కెం మీదే ఉంచాను.

రిజర్వులో ఉన్నది ఒక్కడే. అతను ఈయన బస్సు తీసుకుపోయాడు. బాబాయ్ సర్వీసు, ఇంకో డ్రైవరు ఇంటి నుంచి వచ్చాక, ఆలస్యంగా కదిలింది. మేనేజరు నా దగ్గరికే వచ్చారు.

"పెద్దాయనది మోకాలు, సరే, డాక్టరు దగ్గరికి పంపుతాను. మీ ఆయన ఎందుకు నిద్రపోలేదట?"

"అడగలేదండీ."

"అడగాలి కదమ్మా. రూలు ప్రకారం కారణం కనుక్కుని నాకు చెప్పాలి."

"కనుక్కోవక్కర్లేదండీ. నాకు తెలుసు" అన్నాను.

"నీకెలా..." అని మధ్యలో ఆగిపోయారు. పైకప్పు వంక చూశారు. "సరే సరే, ఏదో ఒంట్లో నలతని చెప్పు" అనేసి, వెనక్కి చూడకుండా తన గదికి వెళ్లిపోయారు.

ఈయన కిటికీ పక్కనున్న విశ్రాంతి గదిలో పడుకున్నాడు. మధ్యాహ్నం దాకా గురక వినిపిస్తూనే ఉంది. తాళాల కోసం వచ్చినవాళ్లని మెల్లిగా మాట్లాడమన్నాను. అందరూ మెల్లిగానే మాట్లాడారు.